పచ్చబోర్డు కింద మొదటి మనిషి

"అక్కా! గొంతు పోయేట్టు పిలిస్తిని. పలకవేమి? అంత గెర్వమా?" తనతోపాటు ఊడ్చే పాప్పా చీపురు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

వెళ్ళైయమ్మాళ్ కిటికీ అద్దం తుడవడం ఆపింది. "గెర్వం కాదే, అలుపు."

అలుపు నిజమే. తెల్లారకముందే కోవిల్‌పట్టిలో బస్సెక్కి విరుదునగర్ చేరి, యూనివర్సిటీ నాలుగో అంతస్తు ఊడ్చేసరికి నడుము విరిగిపోతుంది. ఎవరేమన్నా ఆమె దగ్గర ఆ ఒక్క మాటే జవాబు.

"ఈ దినం మంటల డ్రిల్లంట, సైరన్ కొడతారంట. సీక్రం దిగాల. మూడు నిమిషాల్లో పచ్చబోర్డు కాడ నిలబడకుంటే పని లేదంట."

ఈ పని పోతే వెళ్ళైయమ్మాళ్‌కి మళ్ళీ తాయిల్పట్టి బాణసంచా గదులే గతి. ఆరేళ్ళ కిందట అక్కడ పక్క గది పేలి నలుగురు పోయారు. ఆమె మాత్రం ఒంటిమీద గీత కూడా పడకుండా బయటపడింది. అదృష్టజాతకురాలన్నారు అందరూ.

"నీకేం భయం? ప్రతితూరీ నువ్వే ముందు," అంది పాప్పా. "పోయిన నెల సైరనే కొట్టలేదు, ఊరికే దిగి పరిగెత్తితివి. అందరూ నవ్విరి. ఆ పేలుడు భయం ఇంకా పోలేదక్కా నీకు."

వెళ్ళైయమ్మాళ్ నవ్వేసి మళ్ళీ కిటికీవైపే తిరిగింది. తుడిచిన అద్దాన్నే తుడుస్తుందని సూపర్‌వైజరు రోజూ విసుక్కుంటాడు. ఎదురు మేడ మీద సైరన్, దాని చుట్టూ పావురాలు. వాటి రెట్టలు కడగడమూ ఆమె పనే.

పదకొండు దాటింది. పావురాలన్నీ ఒక్కసారిగా గుప్పున లేచాయి.

సైరన్!

చేతిలో గుడ్డ పడేసి మెట్లవైపు పరిగెత్తింది. పిల్లలు ఇంకా బ్యాగులు సర్దుకుంటూనే ఉన్నారు. అసెంబ్లీ పాయింట్ అని రాసిన పచ్చబోర్డు కిందికి అందరికన్నా ముందు చేరింది ఆమే. పోనీలే, పని దక్కింది.

సేఫ్టీ ఆఫీసర్ సరవణకుమార్ గడియారం చూసుకుంటూ వచ్చి అరవంలో మెచ్చుకున్నాడు. ఆయన మాట్లాడినంతసేపూ ఆమె ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆ మర్యాదకు ఆయన పొంగిపోయాడు.

"చెవులంటే ఇవీ! ఇకమీదట నాలుగో అంతస్తు పిల్లల్ని దించే పూచీ నీది. సైరన్ వినగానే అందరినీ కేకేసి తీసుకురా."

"సరే సార్."

"ఎప్పుడూ అలుపంటావంట కదా. అందుకే నీకో బహుమానం. ఆ పావురాల్ని తరిమేసి రేపే వల కట్టించేస్తున్నాను. రెట్టలు కడిగే బాధ నీకిక లేదు."

ఆమె మొహం పాలిపోయింది. "వద్దు సార్. పాపం, ఉండనీండి సార్."

"ఎంత మంచి మనసు!" అని నవ్వుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

తాయిల్పట్టి పేలుడే వెళ్ళైయమ్మాళ్ విన్న ఆఖరి శబ్దం.