మొదటి మెచ్చుకోలు

“ఏమండీ, ఆదివారం కదా, కాస్త దీనికి పదును పెట్టివ్వండి” అంటూ మా ఆవిడ కూరల కత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది.

పదును పెట్టే బెల్టు మిషను స్విచ్చి వేశాను. గుయ్యిమని తిరిగింది. కత్తిని ఇటు అయిదుసార్లు, అటు అయిదుసార్లు లాగి ఇచ్చాను.

ఆవిడ హోటలు వంటగదిలో ముప్పై ఏళ్లు కూరలు తరిగిన మనిషి. “మీకు పదును పెట్టడం ఈ జన్మకి రాదు” అని ప్రతి ఆదివారం చీవాట్లు పెట్టేది.

ఎప్పటిలాగే అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది.

“అబ్బ! ఇన్నాళ్లకి కుదిరిందండీ” అంది, మురిసిపోతూ.

పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటి మెచ్చుకోలు. మిషను స్విచ్చి తీసేశాను.

ఆవిడకి మతిమరుపు జబ్బు ముదిరి, మొన్న వేలు తెగి నెత్తురు కారుతున్నా తెలియక తరుగుతూనే ఉంది. అందుకే నిన్న ఆ కత్తిని నేనే రాయికేసి రుద్ది మొద్దు చేశాను. మిషనుకున్న గరుకు బెల్టును తిరగేసి, నున్నటి వైపు పైకి వచ్చేలా తొడిగాను.

అంచు తాకగానే కనిపెట్టేస్తుందని, నన్ను దులిపేస్తుందని ఎంత ఆశపడ్డానో!