పద్నాలుగు నిమిషాలు

అమరనాథ్‌ను నమ్మడమే తను చేసిన తప్పు అని తిట్టుకుంటూ కృష్ణయ్య కంప్యూటర్ మీట నొక్కాడు. నల్లటి తెర మీద నీలం గీత పాకడం మొదలైంది. గడియారం తొమ్మిదీ ఐదు చూపిస్తోంది. ఇక తొమ్మిదీ పంతొమ్మిది దాకా దానికి దండం పెట్టుకుని కూర్చోవాల్సిందే.

దబీర్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో కృష్ణయ్యది దస్తావేజులు టైపు చేసే దుకాణం. ఏడో తరగతితో బడి మానేసి, పదహారేళ్లు టైపు మిషన్ మీద, నాలుగేళ్లు కంప్యూటర్ మీద వేళ్లు అరగదీసుకున్నవాడు. నెల కిందట వైరస్ పట్టి అది పడకేస్తే, తోడల్లుడు అమరనాథ్ వచ్చి, ఉన్నదంతా తుడిచేసి, విండోస్ మళ్లీ ఎక్కించి, చేపల పులుసుతో అన్నం తిని వెళ్లాడు. ఆ రోజు నుంచీ ఇదే వరస. కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ పద్నాలుగు నిమిషాలు. ఫోన్ చేసి అడిగితే, కొత్తగా ఎక్కించాం కదా, అలవాటు పడాలి అన్నాడు. అలవాటు పడడానికి అదేమన్నా కొత్త అల్లుడా?

ఆలోగా గిరాకీ లేచి ఎదురు దుకాణానికి పోకుండా ఉండాలని, వాళ్లు రాయించుకొచ్చిన చిత్తు కాగితాన్ని అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ పెద్దగా చదివి వినిపించేవాడు. జైనబ్ అనే గిరాకీ ఇంటి కాగితంలో తూర్పూ పడమరా తారుమారైన సంగతి అట్లాగే బయటపడింది. ఇంకెవరికో తండ్రి పేరు మారింది. చదివి చదివి సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. దానికీ అమరనాథ్‌నే తిట్టేవాడు. టైపు కొట్టడంలో ఈ బాధ లేదు. వేళ్ల దారిన వేళ్లు పోతాయి, మనసు దారిన మనసు పోతుంది.

ఈసారి మాత్రం కాగితం అతని సొంతానిది. జల్‌పల్లిలో రెండు వందల గజాల స్థలం. పద్దెనిమిదేళ్లుగా అద్దె ఇంట్లో, ఇంటి ఓనరు నల్లా కట్టేసినప్పుడల్లా మాటపడుతూ, మొగుడూపెళ్లాం కూడబెట్టుకున్నది దీనికోసమే. ఊరందరి కాగితాలూ కొట్టినవాడు తన కాగితాన్ని ఇంకొకడి మిషన్ మీద కొట్టించుకుంటాడా?

స్థలం మల్లన్నది. ఇప్పటికి రెండుసార్లు చిత్తు కాగితం పట్టుకుని వచ్చాడు. రెండుసార్లూ నీలం గీత పాకుతూనే ఉంది. ఊరికే కూర్చోవడమెందుకని కృష్ణయ్య కాగితం కోసం చెయ్యి చాచి గొంతు సవరించుకునేసరికి మల్లన్న లేచి నిలబడ్డాడు. రెండోసారి మాట కూడా ఖరాఖండిగా అనేశాడు.

"నాకు గింత టైం లేదే అన్నా. నీ మిషన్ సక్కగైనంకనే పిలువు. సోమారం దాటితే ఇంకో పార్టీకి ఇచ్చేస్త."

ఇవాళే సోమవారం.

కృష్ణయ్య తల పట్టుకుని కూర్చున్న వేళ పక్క దుకాణం షట్టర్ లేచింది. రేడియోలూ కంప్యూటర్లూ బాగుచేసే నసీరుద్దీన్, నెల రోజుల తర్వాత అత్తగారి ఊరి నుంచి వచ్చాడు. కృష్ణయ్య మొహం చూసి లోపలికొచ్చాడు. సంగతి విని, స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు.

"నీ తోడల్లుడు రెండు యాంటీవైరస్‌లు ఎక్కించిండు భాయ్. ఒక్క దర్వాజాకు ఇద్దరు చౌకీదార్లు. ఒకడు తలాషీ తీసి పంపినోణ్ణి ఇంకోడు మల్ల ఆపుతుండు. ఇగ దుకాణం ఎప్పుడు తెరుసుకుంటది?"

అందులో ఒకదాన్ని పీకేశాడు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన సీడీని అమరనాథ్ డబ్బాలోంచి తియ్యనే లేదని తేల్చి, దాన్నీ ఎక్కించాడు. తెరవగానే వాటంతట అవే లేచి కూర్చునే పనికిరాని ప్రోగ్రాములను ఒక్కొక్కటే పడుకోబెట్టాడు. అంతా అరగంట పని. ఆపి మళ్లీ వేస్తే నలభై సెకన్లు. కృష్ణయ్య నమ్మలేక మూడుసార్లు వేయించాడు.

ఏమిమ్మంటావు అంటే చాయ్ చాలన్నాడు నసీరుద్దీన్. కృష్ణయ్యకు కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇరవై ఏండ్లల్ల ఒక్కడు నాకు గిట్ల అక్కరకు రాలె. తిన్నోళ్లందరు చెయ్యి కడుక్కొని పోయినోళ్లే. మా జాగల ముగ్గు పోసేనాడు తాడు నువ్వే పట్టాలె భాయ్. ఇల్లయినంక మొదటి దావత్ నీకే. నీ ఇంటామె ఖదీజా చెల్లెను గూడ తోల్కరావాలె."

ఫోన్ చేసిన గంటకు మల్లన్న దిగాడు. మీట నొక్కీ నొక్కకముందే తెర తెరుచుకోవడం చూసి మొహం విప్పారింది.

"మస్తు చేయించినవే అన్నా. కొట్టు కొట్టు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల మన నంబరు వచ్చే యాళ్లయింది."

మల్లన్నే పక్కన నిలబడి చిత్తు కాగితాలు ఒక్కొక్కటీ తిప్పిపెట్టాడు. కృష్ణయ్య వేళ్లు పరుగెత్తాయి. మనసేమో జల్‌పల్లిలో వంటిల్లు ఎటువైపు పెట్టాలా అని చూసుకుంటోంది. ఇరవై నిమిషాల్లో ప్రింటు బయటికొచ్చింది. సంతకాలైపోయాయి, పైకం చేతులు మారింది, మధ్యాహ్నానికల్లా రిజిస్ట్రేషన్ ముగిసింది. ఆ సాయంత్రం కృష్ణయ్య నసీరుద్దీన్ ఇంటికి అరకిలో జిలేబీ పట్టుకుపోయాడు. రాత్రి అన్నం దగ్గర, లోకంలో ఇంకా మంచివాళ్లున్నారని భార్యతో అన్నాడు. అతని నోట అట్లాంటి మాట వినడం ఆమెకు అదే మొదలు.

కాగితం చేతికొచ్చిన ఆదివారం కృష్ణయ్య, భార్య, నసీరుద్దీన్ ముగ్గురూ జల్‌పల్లి వెళ్లారు. మాట ప్రకారం తాడు ఒక కొస నసీరుద్దీన్ పట్టుకున్నాడు. ముగ్గు డబ్బాతో వంగబోయిన మేస్త్రీ, కొలత సరిచూసుకోవడానికి దస్తావేజు అడిగాడు. కృష్ణయ్య దర్జాగా మడత విప్పి చేతికిచ్చాడు. మేస్త్రీ ఒకసారి చదివి, నేల వంక చూసి, మళ్లీ చదివాడు.

రెండు వందలు ఉండాల్సిన చోట కాగితంలో ఉన్నది నూట ఇరవై గజాలే.