ఐదో చెయ్యి

అయినా ఒక మనిషిని ఒక రేకు మీద ఎంతకని కుదిస్తారు, అనుకుంటోంది నర్సు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కింద, 'స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన తొలితరం నాయకురాలు'. అంతే. అమ్మ బట్టల్లోని కిరసనాయిలు వాసన ఏ అక్షరంలో పడుతుంది?

"సిస్టరమ్మగారూ, మీరొక్కరే మిగిలారు," అన్నాడు అధ్యక్షుడు.

చౌరస్తాలో పెట్టే స్మారక ఫలకం ఒక్కటే. దానికి తగినవాళ్ళు ఇద్దరు. కమిటీలో ఐదుగురు. చేతులెత్తమంటే చెరి రెండుగా తేలింది.

ఒకరు లాంతరమ్మ. చీకటి పడ్డాక లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళకి ఓటు కావాలన్న అర్జీ మీద సంతకాలు పెట్టించిన మనిషి. రెండోవారు కంచుగొంతు. ఆవిడ మైకు లేకుండా మాట్లాడినా వీధి చివరి ఇళ్ళకి వినబడేది.

"సిస్టరమ్మ ఎవరికి ఎత్తుతుందో పసిపిల్లనడిగినా చెబుతుంది," అన్నాడు మందుల షాపాయన. "తల్లిని కాదని పరాయివాళ్ళకి వేస్తుందా? ఊరికే టీలు చల్లారబెట్టుకుంటున్నాం."

"అసలు కూతురు ఓటెయ్యొచ్చా అని?" లెక్చరరమ్మ మొహం ముడుచుకుంది.

"మీరు మరీనండీ! ఓటు కోసం చచ్చీచెడీ తిరిగినవాళ్ళ ఫలకానికి, ఓ ఆడమనిషి ఓటు పీకేస్తామా?" అన్నాడు షాపాయన.

అందరూ నవ్వారు. నర్సు నవ్వలేదు.

అమ్మ అలసిపోయి వచ్చి, కాళ్ళు చాపుకుని కూర్చుని అనేది. "ఈ ఊరివాళ్ళు తలుపులు గట్టివే చేయించుకున్నారే బంగారం. నా మొహాన ఎంత విసిరికొట్టినా ఒక్కటీ ఊడిరాలేదు." ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు.

నర్సు కంచుగొంతుని దగ్గరగా చూసింది ఒక్కసారే, చిన్నప్పుడు. మీటింగు అయ్యాక ఆవిడ ముందువరస పిల్లల తలలు నిమురుకుంటూ వచ్చింది. తన తలా నిమిరింది. పక్కపిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చేదాకా అమ్మ తన చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"లాంతరమ్మ తక్కువని నేననను," అంటోంది లెక్చరరమ్మ. "కానీ రెండోవిడ నోరు తెరవకపోతే ఆ సంతకాలు ఎవడు చూసేవాడు? జైలుకెళ్ళింది. చివరికి ఎక్కడో అద్దెగదిలో పోయింది. శవం దగ్గర కూర్చోడానికి నా అన్నవాళ్ళు లేరు. ఈ రేకు కూడా లేకపోతే ఆవిడ పుట్టినట్టే ఉండదు."

"ఎవరు వెళ్ళమన్నారు అలా?" అంది నర్సు. ఆ గొంతులోని కసికి తనే ఉలిక్కిపడింది.

అమ్మ పోయేటప్పుడు తల నా ఒళ్ళోనే ఉంది, అనుకుంది. అమ్మని తలుచుకోడానికి నేనున్నాను. ఈ పూటా తలుచుకుంటున్నాను. మరి ఆవిడని?

"ఇక తేల్చేద్దాం," అన్నాడు అధ్యక్షుడు. "లాంతరమ్మకేనా?"

నర్సు చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. మందుల షాపాయన టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"అయితే కంచుగొంతుకా?"

నర్సు మెల్లగా చెయ్యెత్తింది, మీటింగు కాగానే వచ్చి తీసుకెళ్తానని, పొత్తిళ్ళలోని తనని లాంతరమ్మ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయిన కన్నతల్లికి.