బయటికి ఒకే దారి

తుంగా స్టోర్స్‌లో ఒక బస్తా కందిపప్పు మాయమైంది, మోసుకుపోయినవాడు మాత్రం లేడు.

మేనేజర్ శ్రీపాదరావు షట్టరు సగానికి దించాడు. బిల్లుల కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సరుకు బయటికి పోయే దారి ఒక్కటే. ఆ దారిలో కూర్చున్నది నువ్వు," అన్నాడు బిల్లులు వేసే గిరిజతో.

ఆ ఒక్క దారి ఆయన పెట్టించిందే. 1979లో ఆదోనికి సెల్ఫ్ సర్వీసు అంగడి కొత్త. మొదట్లో జనం గడప దగ్గరే నిలబడిపోయేవారు. సరుకు తాకితే ఎవరేమంటారోనని భయం. శ్రీపాదరావు రంగు బోర్డులు కట్టించాడు. అరలను ఆడవాళ్ల చేతికందే ఎత్తుకు దించాడు. నేల మీద బాణం గుర్తులు వేయించి, వెనక తలుపు మూయించాడు. కొద్ది నెలల్లోనే అంగట్లో కాలు పెట్టే సందు లేకపోయింది.

"కొనేవాడికి సుఖంగా ఉండాలి. అంతే కిటుకు," అనేవాడు ఎవరడిగినా.

ఇప్పుడు ఆ బాణాలన్నీ గిరిజ కాళ్ల దగ్గరకొచ్చి ఆగాయి.

"బిల్లు వేయకుండా ఒక్క పొట్లం కూడా పంపలేదు సార్."

"మరి బస్తా ఏమైంది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

గిరిజ బిల్లు పుస్తకం ముందుకు తోసింది. ఇంట్లో ఆమె జీతమే ఆధారం. దొంగ అన్న పేరు పడితే ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వరు.

వారం రోజులుగా వచ్చినవాళ్ల సంచులన్నీ వెతికిస్తూనే ఉన్నారు. వెతికేది కాశప్ప. ఎమ్మిగనూరులో కిరాణా కొట్టులో ఏళ్ల తరబడి తక్కెడ పట్టి, ఇక్కడికి వచ్చినవాడు. వెనక గదిలో బస్తాలు విప్పి, తూచి, కిలో పొట్లాలు కట్టడం అతని పని. దొంగను పట్టాలన్న పట్టుదల అందరికంటే అతనికే ఎక్కువ. మేనేజరు టిఫిన్ క్యారియరు కూడా వదల్లేదు.

ఆ పూట కౌతాళం నుంచి సరుకులకు వచ్చి, ఇంకా లోపలే ఉన్న హులిగెమ్మ అతని మీద విరుచుకుపడింది.

"ఏందప్పా, నా సంచిలో సెయ్యి పెడతాండావు? మీ అత్త సంచి అనుకున్నావా?"

"రూలమ్మా. నన్నేం సేయమంటావు?"

"దావలో అన్ని అంగళ్లుంటే అవన్నీ ఇడ్సిపెట్టి ఈడికొస్తాండాం సూడు, మాకు బుద్ధి ల్యాక!"

ఆమె షట్టరు కింద నుంచి వంగి, తిట్టుకుంటూ వెళ్లిపోయింది. అంత కోపంలోనూ శ్రీపాదరావు తన రంగు బోర్డుల వైపు ఒకసారి గర్వంగా చూసుకున్నాడు.

తర్వాత గిరిజ వైపు తిరిగాడు.

"యజమాని ఎమ్మిగనూరులో బస్సెక్కాడు. ఆయన వచ్చేలోగా ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది. లేదంటే పోలీసులు."

ఒప్పుకుంటే దొంగ. ఒప్పుకోకపోయినా దొంగే. గిరిజ షట్టరు కింది వెలుతురు వైపు చూసింది. లేచి అటు నడిచినా, పారిపోయిందంటారు.

మేనేజరు వైపు తిరిగింది.

"సార్, సబ్బులు తగ్గాయా?"

"లేదు."

"పాలపొడి డబ్బాలు?"

"అవీ సరిపోయాయి. పప్పూ, కాస్త చక్కెరా పోయాయి."

"దొంగ ఎవరైనా చీర కొంగులో పట్టే సబ్బు వదిలేసి పప్పు ఎత్తుకుపోతారా సార్? మనం ఇక్కడ తూచి కట్టినవే ఎందుకు తగ్గాయి?"

శ్రీపాదరావు అరల మీది కిలో పొట్లాల వైపు చూశాడు.

కాశప్ప ముందుకొచ్చాడు.

"ఆ యమ్మను ఇడ్సిపెట్టు సార్. అది నా పనే. ఇంతసేపూ నాకే తెలీలా."

"నువ్వా!" శ్రీపాదరావు అతని చొక్కా పట్టుకున్నాడు. "బస్తా పప్పు ఎక్కడ దాచావురా?"

"యాడా దాయలేదు సార్, మన అంగట్లో కొసరేసే మనిషే లేడు కదా అని, పొట్లం పొట్లానికీ పిడికెడు పప్పు నేనే పైన ఏసి కట్టినా, ల్యాకుంటే ఇంత జనం మీ రంగు బోర్డులు సూసి వస్తాండారా?"