నిరుటి పరికిణీ

అప్పటికి కొలతలివ్వడానికి బొమ్మలు తామే నడిచి వస్తున్నాయి. అనకాపల్లిలో నూకరత్నం కుట్టుమిషను పక్కన బల్ల మీద, జానెడేసి బొమ్మలు పొద్దున్నే వరసగా కూర్చుని, కాళ్లూపుకుంటూ తమ వంతు కోసం ఎదురుచూసేవి. వాటికి గౌన్లూ పరికిణీలూ కుట్టడమే ఆమె జీవనం.

ఆ రోజు చిట్టి అనే బొమ్మ నిరుటి పరికిణీ చంకన పెట్టుకుని వచ్చింది. "పిన్నీ, దీని లోపలి మడత విప్పవా? ఏడాదైపోయింది కదా."

నూకరత్నం చేతిలో సూది ఆగిపోయింది. పసిపిల్లల బట్టలకు అంచు లోపల కాస్త గుడ్డ మడిచి కుట్టడం ఆమెకు పాత అలవాటు. నిరుడు బొమ్మ పరికిణీకీ అలాగే కుట్టేసింది. ఎందుకని చిట్టి అడిగితే, ఎదిగాక విప్పుకోవడానికని పరధ్యానంగా చెప్పేసింది.

టేపు పెట్టి చూసింది. అదే జానెడు.

"నాతో ఆడుకునే మా పాపకి నిరుటి బట్టలన్నీ పొట్టయిపోయాయి పిన్నీ," అంది చిట్టి మెల్లగా. "నాకే ఒక్కటీ అవలేదు."

నూకరత్నం పరికిణీ అందుకుంది. అటు తిరిగి కూర్చుని, మడత విప్పకుండా ఇంకాస్త పైకి మడిచి కుట్టింది. పరికిణీ తొడిగి బొమ్మను అద్దం ముందు నిలబెట్టింది. చీలమండలు బయటపడ్డాయి.

"పొట్టయిపోయింది," అంది చిట్టి.

"పరికిణీ దానంతటది పొట్టవుతాదేటే? నువ్వే ఎదిగినావు."

చిట్టి తన చీలమండల వంక చాలాసేపు చూసుకుంది. బల్ల మీద కాళ్లూపడం ఆగిపోయింది. మిగతా బొమ్మలన్నీ తల వంచుకుని, తమ అంచులు తిరగేసి, లోపల మడత ఉందేమోనని వెతుక్కుంటున్నాయి.