మీవాళ్ళు ఫస్టు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. కుర్చీలో కాళ్ళు చాపుకున్న నానమ్మ, సగం గడ్డం గీసుకుని అద్దం ముందు నిలబడిన నాన్న, ఇస్త్రీపెట్టె పట్టుకున్న అమ్మ, మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని రానంటే రానంటున్న అమ్మాయి.

పదో తరగతి ముగించినవాళ్ళలో ఫస్టు వచ్చినవాళ్ళు వీడ్కోలు సభలో మైకు ముందు మాట్లాడటం ఆ బడి ఆనవాయితీ. మార్కులు అందరికీ సభలోనే చెబుతారు. ఫస్టు వచ్చినవాళ్ళ ఇంటికి మాత్రం, మాటలు సిద్ధం చేసుకుంటారని, పొద్దున్నే కబురు వస్తుంది. ఆ కబురు ఈసారి నాన్న వెల్డింగ్ షాపుకు వచ్చింది. "మీవాళ్ళు ఫస్టు వచ్చారండీ" అన్నారట ఫోనులో హెడ్‌మిస్ట్రెస్. మిగతాది సుత్తి మోతలో కొట్టుకుపోయింది. ఆయన షాపు మూసేసి ఒక్క పరుగున ఇల్లు చేరాడు.

నిజంగా 'వచ్చారు' అన్నారా అని అమ్మాయి నమ్మలేక అడిగింది. ఫస్టు వస్తే పిల్లకైనా మర్యాద పెరుగుతుందని నానమ్మ తేల్చేసింది.

అమ్మాయికి సంతోషం లేక కాదు. క్లాసులో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదే గానీ నోరెత్తని పిల్ల. ఊరంతా కూర్చున్న హాల్లో మైకంటే ఆమెకు ప్రాణం పోయినంత పని.

"నాకీ ఫస్టు వద్దు నాన్నా. రెండోవాళ్ళకి ఇచ్చెయ్యమను."

"అదేమన్నా బస్సులో సీటా, లేచి ఇచ్చెయ్యడానికి?" అన్నాడు నాన్న, నురుగు తుడుచుకుంటూ.

అమ్మ మాత్రం కోప్పడలేదు. యూనిఫారం ఇస్త్రీ చేస్తూనే ఏం చెప్పాలో ఒక్కో వాక్యం అల్లి ఇచ్చింది. "ఈ బడి మాకు చదువొక్కటే ఇవ్వలేదు, చదువుకోగలమన్న ధైర్యం కూడా ఇచ్చింది" అని మొదలుపెట్టమంది. అమ్మాయి 'ఈ బడి' దగ్గరే ఆగిపోయింది. రెండోసారి 'ఈ' దగ్గరే ఆగింది. అమ్మ విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చెప్పి వినిపించింది. నాన్న గడ్డం సంగతే మరిచిపోయి విన్నాడు.

"తల్లి సాయంత్రం బడి, కూతురు పగటి బడి. ఇద్దరూ కలిసి పరీక్షలు రాశారు, ఏడాదంతా అంట్లు తోమింది నేను. నన్నెవరూ మైకు దగ్గరికి పిలవరేం?" అంది నానమ్మ. మంచం వెనకనుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆగేలోపే అమ్మ చెయ్యి పట్టి ఆమెను బయటికి లాగింది, జడ వేసింది, యూనిఫారం తొడిగింది. తన నలిగిన బట్టలు మార్చుకునే తీరిక మాత్రం దొరకలేదు.

గుమ్మం ముందు కారు ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా దిగి ముందు తలుపు తెరిచి పట్టుకున్నారు. ఫస్టు వచ్చినవాళ్ళది ముందు సీటని ఆమె అనగానే అమ్మాయి కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. అమ్మ వెన్ను తట్టింది. బుజ్జగించింది. చివరికి, ఇందులో భయపడటానికేముంది, ఇదిగో ఇంతే కదా అని తనే ఆ సీట్లో కూర్చుని చూపించింది.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వారు. "నువ్వు నాతో వెనక ఎక్కు తల్లీ. సాయంత్రం బడి నుంచి ఫస్టు రావడం ఇదే మొదలు. మీ అమ్మగారు ఏం మాట్లాడతారోనని అందరూ ఎదురుచూస్తున్నారు."

అమ్మ ముఖం పాలిపోయింది. గబుక్కున దిగబోయింది.

అమ్మాయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వీధంతా వినిపించేలా నవ్వి, ధభీమని కారు తలుపు వేసేసింది.