గుడికి అడ్డుపడిందెవరు?

"మా గుడికి అడ్డుపడింది మీ చర్చివాళ్లే!" అంటూ డాక్టర్ వైదేహి, టౌన్ కౌన్సిల్ నుంచి వచ్చిన లెటర్‌ని ఎంపీ ముందు విసురుగా పెట్టింది.

జోసయా అసారే, విదేశంలో వీళ్లుంటున్న ఆ ఊరికి మొదటి నల్లజాతి ఎంపీ. నిన్నమొన్నటిదాకా లాయరు, ఇప్పటికీ ఆదివారమైతే చర్చిలో పాస్టరు. పాస్టరన్నవాడు గుడికి పర్మిషన్ రానిస్తాడా అని వైదేహి అనుమానం. అనుమానమేమిటి, నమ్మకమే.

"మేడమ్, జర నిమ్మళంగ," అని పక్కనున్న తెలుగు అసోసియేషన్ సెక్రటరీ అమరేందర్ గొణిగాడు. "సాయం అడుగుదామని వచ్చినం, కొట్లాటకు కాదు."

"మీరూరుకోండి. ఎన్నేళ్లని గ్యారేజీల్లో పూజలు చేసుకుంటాం? నలభై కుటుంబాలకి గుడి పెట్టుకోడానికి మా వీధిలో మూతబడ్డ ఆ హాలు తప్ప ఇంకేం దొరుకుతుంది?"

అసారే కళ్లజోడు పెట్టుకుని లెటర్ అంతా ఓపిగ్గా చదివాడు. ఆ ఓపిక చూసి ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

"మీ మీద ఎవరూ కంప్లయింట్ చెయ్యలేదు డాక్టర్. పోయినేడు ఇదే హాలు ప్రార్థనలకి కావాలని వేరేవాళ్లు అడిగారు. వద్దని వీధివాళ్లు పిటిషన్ పెడితే కౌన్సిల్ కాదంది. వాళ్లకి కాదన్నది మీకెలా ఇస్తామంటున్నారు, అంతే."

"అయ్యో, ఎవరండీ వాళ్లు?"

"మేమే. మా చర్చి."

వైదేహికి తల కొట్టేసినట్టయింది. "సారీ అండీ. తొందరపడి మాటన్నాను."

"ఫరవాలేదు. మీరు అప్పీలు చెయ్యండి, వెనక నేనుంటాను," అన్నాడాయన. ఆ మాటకి ఆమె కళ్లు చెమర్చాయి. "కాకపోతే, ఆ పిటిషన్ మీద సంతకం పెట్టినవాళ్లలో ఒక్కరైనా, అది పొరపాటు, హాలులో ప్రార్థనలకి మాకు అభ్యంతరం లేదు అని రాసిస్తే బలంగా ఉంటుంది."

"దేవుడి పనికి అడ్డుపడినవాళ్లు అసలు మనుషులేనా? ఆ లిస్టు ఇటివ్వండి. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, కడిగేసి మరీ రాయించుకొస్తాను."

అసారే కాస్త తటపటాయించి, ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు జరిపాడు.

మొదటి సంతకం వైదేహిదే. దాని పక్కన తన చేతిరాతలోనే, 'ఆదివారం పొద్దున్నే ఆ నల్లవాళ్ల పాటల గోల మేం పడలేం' అని రాసి ఉంది.